ఇంటికి పంపిన అభిప్రాయం

శనివారం పొద్దున అద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒంటిగంట దాకా దుకాణంలో ఉండాలి. కారులో కొత్త పరికరం బిగించుకోవాలి. మాట్నీకి వెళ్ళాలి. తరవాత ఎక్కడైనా తినాలి. ఇంటికి తిరిగివచ్చే దారిలో సినిమా గురించీ తిండి గురించీ తన అభిప్రాయం భార్యకి చెప్పాలి. ఈ అయిదింటిలో మొదటి నాలుగూ అయిదోదాని కోసం పెట్టుకున్నవే.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. అందుకే అపార్ట్‌మెంటులో అందరికీ ఆయన అద్దాలాయన. రోజంతా మసక గదిలో ఎదుటివాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అందులో అద్దం తీసి అద్దం వేస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతుంటాడు. ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరి అభిప్రాయాలూ కనుక్కున్నాడు గానీ, ఆయన అభిప్రాయం ఏమిటని అడిగే మనిషి ప్రపంచంలో ఒక్కరే. అది కూడా కాదనడానికే అడిగేది.

ఆవిడ నీళ్ళ పరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఎనిమిది నెలల కిందట ఆఫీసువాళ్ళు ఆవిడకి ప్రమోషన్ ఇచ్చి, అయిదు గంటల దూరంలో డ్యాము పక్కనున్న ల్యాబుకి పంపేశారు. నెలకోసారి వచ్చేది. వానలు మొదలయ్యాక డ్యాములోకి కొత్తనీరు వచ్చింది, సెలవులు పోయాయి. రెండు నెలలుగా మనిషి రాలేదు. పోనీ తనే వెళదామంటే అక్కడ ఆవిడ ఉండేది ఆడ ఉద్యోగుల క్వార్టర్సు. రెండుసార్లు వెళ్ళి, గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, వాచ్‌మన్ వింటుండగా మాట్లాడి వచ్చాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళకి శనివారమంటే ఒక సినిమా, ఒక హోటలు, తిరుగుదారిలో నలభై నిమిషాలు కారులో వాదన. ఆయన బాగుందంటే ఆవిడ బాగోలేదనేది. ఆయన సూపు చప్పగా ఉందంటే ఆవిడ ఉప్పు ఎంత ఎక్కువైందో లెక్క చెప్పేది. ఆవిడ వెళ్ళిపోయాక గానీ ఆయనకి అర్థం కాలేదు, తను ఇన్నేళ్ళూ వెళ్ళింది సినిమాకీ కాదు, హోటలుకీ కాదు, ఆ నలభై నిమిషాలకి.

ఫోన్లో ఆ ముచ్చట తీరదు. సాయంత్రం ఫోన్ చేస్తే, "తిన్నారా?" అంటుంది. "తిన్నాను, నువ్వు?" అంటాడు. "తిన్నాను" అంటుంది. తిండి సంగతి తేలిపోయాక ఇద్దరికీ ఇంకేం తోచదు. అభిప్రాయమనేది కారులో ఉన్నంతసేపే వేడిగా ఉంటుంది. మెట్లెక్కి చెప్పులు విప్పేసరికి చల్లారిపోతుంది.

ఈ పరికరం గురించి తెలిసినప్పుడు అద్దాలాయన ప్రాణం లేచివచ్చింది. స్టీరింగు పక్కన అతికించుకునే చిన్న డబ్బా అది. మీట నొక్కి మాట్లాడితే ఆ గొంతును ఉన్నదున్నట్టు ఫోను ద్వారా పంపించేస్తుంది. ఎవరికి పంపాలో నోటితో చెబితే చాలు. ఆ సాయంత్రం సినిమా చూసి, భోజనం చేసి, కారెక్కి మీట నొక్కాడు.

"విను. సినిమా నాకు నచ్చలేదు. హాలంతా పడీపడీ నవ్వుతున్నారు, నాకు ఒక్కచోటా నవ్వు రాలేదు. సెకండాఫ్ మరీ సాగదీశాడు. పాప్‌కార్న్ పెద్దది కొన్నాను, సగం అలాగే ఉండిపోయింది. అంతే."

"ఎవరికి పంపమంటారు?" అంది డబ్బా తియ్యటి గొంతుతో.

"ఇంటికి."

"ఇంటికి పంపించాను."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అద్దాలాయన ఫోన్లో రెండు ఇళ్ళున్నాయి. వినడానికి బాగోలేదు గానీ నిజం. ఒకటి ఆయన భార్య. పెళ్ళయిన కొత్తలో సిగ్గుకొద్దీ ఆవిడ నంబరు "ఇల్లు" అని రాసుకున్నాడు, ఇప్పటికీ మార్చలేదు. రెండోది "మన ఇల్లు" అనే అపార్ట్‌మెంటు గ్రూపు. ఆరంతస్తులు, నలభై ఎనిమిది కుటుంబాలు. నీళ్ళ ట్యాంకు గొడవలప్పుడు ఆ గ్రూపు రోజుకి నూట యాభైసార్లు మోగుతుంటే, విసుగెత్తి దాని నోరు నొక్కేసి ఫోన్లో ఎక్కడో అడుగున పడేశాడు. ఆ తరవాత దాని మొహం చూడలేదు. అసలు ఫోన్లో చదవడం, రాయడం ఆయనకి పడవు. మోగితే ఎత్తుతాడు, అంతే. డబ్బా రెండు ఇళ్ళనీ చూసి, పెద్ద ఇంటినే ఎంచుకుంది.

గ్రూపులో సంచలనం రేగింది. నాలుగో అంతస్తువాళ్ళు అదే సినిమాకి ఇరవై టికెట్లు తీసుకుందామని లేచి కూర్చున్నారు. అద్దాలాయన గొంతు వినగానే మానుకున్నారు. "ఎవరికీ భయపడకుండా చెప్పారు" అని ఒకరు, "సెకండాఫ్ సంగతి నేనూ విన్నాను" అని ఒకరు రాశారు. "ఇలాంటి నిష్పక్షపాతమైన అభిప్రాయాలు ప్రతివారం రావాలని కోరుతున్నాం" అని అపార్ట్‌మెంటు సెక్రటరీ అధికారికంగా రాశాడు. కోరినట్టే వచ్చాయి. రెండోవారం మూల మీది హోటల్లో సూపు చల్లారిపోయి ఉందని వచ్చింది. ఎదురుగా ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు పావుగంట చెంచా ముట్టకుండా చూస్తే ఏ సూపైనా చల్లారుతుంది. ఆ ముక్క ఆయన చెప్పలేదు. అయిదు కుటుంబాలు ఆ హోటలుకి వెళ్ళడం మానేశాయి.

లిఫ్టులో ఆయనకి మర్యాద పెరిగింది. అయిదో అంతస్తాయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మీరు చెప్పారు కదాని మేం మానేశామండీ."

రోడ్డు పక్కన అమ్మే చవక కళ్ళజోళ్ళ గురించి అనుకున్నాడు అద్దాలాయన. "మంచిపని చేశారు. కళ్ళకి చెరుపు."

"కళ్ళకే కాదు, తలనొప్పి కూడానట."

"ముందు తలనొప్పే వస్తుంది" అన్నాడు అద్దాలాయన.

మూడోవారం ఆయన డబ్బాని మెచ్చుకున్నాడు. "విను. ఈ డబ్బా మాత్రం బంగారం. చెప్పింది చెప్పినట్టు, పంపమన్న చోటికి పంపిస్తుంది. మనిషికన్నా నయం." అపార్ట్‌మెంటులో పదకొండుమంది కలిసి డబ్బాలకి ఆర్డరు పెట్టారు.

ఇంతమంది మెచ్చుకుంటున్నా, మెచ్చుకోవలసిన మనిషి మాత్రం ఉలకదు, పలకదు. ప్రతి సాయంత్రం అదే మాట, తిన్నారా అని. సినిమా గురించి ఒక్క ముక్క కాదనదు. సూపు గురించి అడ్డం తిరగదు. విన్నావా అని అడగాలని ఆయనకి నాలుక చివరిదాకా వచ్చేది. అడిగితే అడుక్కున్నట్టుంటుందని మింగేసేవాడు. అవతల ఆవిడా అదే అనుకుంటోంది. శనివారాలు ఏం చేస్తున్నదీ ఈ మనిషి చెప్పడం మానేశాడు, చెప్పాలనిపిస్తే చెప్పడా, మనం అడగడమేమిటి అని.

నాలుగోవారం సినిమా లేదు, హోటలు లేదు. జోరున వాన. అద్దాలాయన దుకాణం మూసి కారులో కూర్చుని, తాళం తిప్పకుండా, వైపర్లు వెయ్యకుండా చాలాసేపు ఊరికే ఉండిపోయాడు. తరవాత మీట నొక్కాడు.

"విను. ఇవాళ ఎక్కడికీ వెళ్ళలేదు. ఒక్కణ్ణీ వెళ్ళి ఏది చూసినా ఏమీ తేలడం లేదు. నువ్వు కాదంటే గానీ నాకేది నచ్చిందో నాకే తెలియడం లేదు. నీ నీలం గొడుగు వెనకసీట్లోనే ఉంది. తీసి లోపల పెడదామనుకున్నాను, చెయ్యి రాలేదు. అంతే."

"ఇంటికి పంపించాను" అంది డబ్బా.

గ్రూపు అంతా మూగబోయింది. పావుగంట తరవాత ఎవరో ఒకే ఒక్క మాట రాశారు. "నువ్వా?"

ఈ నువ్వు ఎవరు? ఆయన భార్య గ్రూపులో లేదు. ఫ్లాటుకి ఒక్క నంబరే ఉండాలన్నది సెక్రటరీ పెట్టిన నియమం. గ్రూపులో ఉన్నది నలభై ఎనిమిది ఫ్లాట్లవాళ్ళు మాత్రమే. అంటే ఆ నువ్వు ఈ అపార్ట్‌మెంటులోనే ఉంది. నీలం గొడుగు ఉన్నవాళ్ళెవరని ఇంటింటా మొగుళ్ళు మాటవరసకి అడగడం మొదలుపెట్టారు. తెల్లారేసరికి అపార్ట్‌మెంటులో నీలం గొడుగన్నది కనపడకుండా పోయింది. ఆ వారమంతా వానే. జలుబు చెయ్యని ఆడమనిషి లేదు. ఒకావిడ గులాబీరంగు గొడుగు పట్టుకుని బయల్దేరితే, "రంగు మార్చేసింది చూశారా?" అన్నారు.

బుధవారం నాడు సెక్రటరీ దుకాణానికి వచ్చాడు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఏ విషయమైనా సూటిగా అడగడం ఆయన సర్వీసులోనే లేదు. కళ్ళు పరీక్ష చేయించుకుంటానని కుర్చీ ఎక్కాడు. అద్దాలాయన ఫ్రేము పెట్టి అద్దం వేశాడు.

"ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"ఇందాకటిదే బాగుంది. ఎప్పుడూ ఇందాకటిదే బాగుండాలి. కొత్తది దొరికింది కదాని మొదటిదాన్ని వదిలేస్తే ఎలా?"

అద్దాలాయన అద్దం మార్చాడు. "పోనీ ఇది?"

"మీకు ఎన్ని కావాలండీ!"

"నాదేముంది, మీ కంటికి ఏది నప్పితే అది."

సెక్రటరీ ఫ్రేములోంచి ఆయన్ని తేరిపార చూశాడు. "నేను పేరు అడగడం లేదు. ఎక్కడో చెప్పండి చాలు, నాలోనే ఉంచుకుంటాను."

ఎక్కడినుంచి చదవాలో అడుగుతున్నాడనుకున్నాడు అద్దాలాయన. గోడ మీది అక్షరాల పలక వైపు చెయ్యి చూపించి, "పైనుంచి నాలుగోది" అన్నాడు.

సెక్రటరీ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఆరంతస్తులు. పైనుంచి నాలుగోదంటే కిందనుంచి మూడోది. ఫ్రేముతోనే లేచి, మళ్ళీ దాన్ని ఇచ్చేసి, చదవకుండానే వెళ్ళిపోయాడు.

తనలోనే ఉంచుకుంటానన్న మాట ఆయన సాయంత్రం దాకా నిలబెట్టుకున్నాడు. ఆ తరవాత మూడో అంతస్తు అక్కయ్య చెవిన పడింది. అపార్ట్‌మెంటులో అందరికీ ఆవిడ అక్కయ్యే. ఎవరింట్లో ఏం జరిగినా మొదట తెలిసేది ఆవిడకే. నువ్వు ఎవరో కనిపెట్టే పని కూడా ఆవిడే మీద వేసుకుని, మూడురోజులుగా ఇల్లిల్లూ తిరిగి జాబితా తయారుచేసింది. తీరా చూస్తే మూడో అంతస్తులో ఆవిడ అడిగి కొట్టేసినవి పోను మిగిలినవి రెండే సంసారాలు. ఒకదానిలో ఆడవాళ్ళెవరూ లేరు. రెండోది తనది. పైగా బీరువా వెనక దాచిన నీలం గొడుగొకటి ఉంది.

ఆవిడ అక్కడికక్కడే డ్యాముకి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నువ్వు వెంటనే బయల్దేరి రా. మీ ఆయన వల్ల నా సంసారం మీదికి వచ్చింది."

"ఏం చేశారు?"

"గొడుగంటాడు, నువ్వంటాడు, నువ్వు లేకపోతే ఏదీ నచ్చడం లేదంటాడు! ఎవరితో అంటున్నాడో తెలియక ఇక్కడ ఆడవాళ్ళంతా తడిసిపోతున్నాం."

"మా ఆయనా? ఆయన నాతోనే మాట్లాడరు అక్కయ్యా, ఇంకొకరితో ఏం మాట్లాడతారు?"

అన్నదే గానీ, ఆవిడకి ఆ రాత్రి అన్నం సహించలేదు. నువ్వు లేకపోతే ఏదీ నచ్చడం లేదనే మాట ఆ మనిషి నోట్లోంచి వస్తుందని పెళ్ళయిన ఇన్నేళ్ళలో అనుకోలేదు. వచ్చిందట. ఎవరికోసమో వచ్చిందట. పై అధికారి కాళ్ళావేళ్ళా పడి ఒకటిన్నర రోజు సెలవు తీసుకుని శనివారం బస్సెక్కింది.

శనివారం అయిదింటికి కార్లు నిలిపేచోట మీటింగు పెట్టారు. నీళ్ళ ట్యాంకు గురించి కాబోలు అనుకుని అద్దాలాయన వచ్చి వెనక కూర్చున్నాడు. గేటులోంచి చేతిసంచీతో తన భార్య రావడం చూసి ముందు తన కళ్ళనే నమ్మలేదు. లేచి ఎదురు వెళ్ళాడు. నవ్వు ఆగలేదు మొహం మీద.

"చెప్పకుండా వచ్చావేమిటి?"

"చెప్పి వస్తే గొడుగు దాచేస్తారని" అంది ఆవిడ, చూపు కలపకుండా.

ఆయనకి అర్థమయ్యేలోగా సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "విషయం సున్నితమైనది. అందుకని అందరి ముందూ పెడుతున్నాం" అని ఫోను పైకెత్తి మీట నొక్కాడు. అద్దాలాయన గొంతు కార్ల మధ్య ఖంగుమని మోగింది. వాన చప్పుడుతో సహా. నీ నీలం గొడుగు వెనకసీట్లోనే ఉంది...

అద్దాలాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఇది... ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"మీరు పంపిస్తేనే వచ్చింది. నెలనుంచీ పంపిస్తున్నారు. సినిమా, సూపు, డబ్బా, అన్నీ విన్నాం. అవి బాగున్నాయి. ఈ నువ్వు ఎవరో తేల్చండి."

"మూడో అంతస్తని మీరే అన్నారట" అని అందుకుంది అక్కయ్య, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "తోబుట్టువులాంటిదాన్ని, నన్ను నువ్వని..."

సరిగ్గా అప్పుడే అక్కడున్న అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. ఎవరో నొక్కారు. వినిపించింది అక్కయ్య భర్త గొంతు. ఆర్డరు పెట్టిన పదకొండు డబ్బాలూ ముందురోజే వచ్చాయి, వాటిని అందరికన్నా ముందు బిగించుకున్నది ఆయనే.

"ఏమే, నేను ఇంకా ఆఫీసులోనే ఉన్నాను. మీటింగు అయ్యాకే వస్తా. ఆ సెక్రటరీ మొదలుపెడితే ఆపడు. ఎవరైనా అడిగితే జ్వరమని చెప్పు." వెనకాల, కారు దగ్గరికే ట్రే పట్టుకొచ్చిన హోటలు సర్వరు గొంతు కూడా వినిపించింది. "సార్, సూపు వేడిగా తెచ్చాను."

అక్కయ్య కన్నీళ్ళు ఇంకిపోయాయి. "ఈయన ఇది నాకు పంపాడా, ఊరందరికీ పంపాడా?" ఫోన్ చేసి అడిగింది. నీకే పంపాను, ఇంటికి పంపమన్నాను అన్నాడాయన. ఆయన ఫోన్లోనూ ఆవిడ పేరు "ఇల్లు" అనే ఉంది.

అందరూ మెల్లగా అద్దాలాయన వైపు తిరిగారు. అద్దాలాయన మాత్రం వాళ్ళనెవరినీ చూడడం లేదు.

"అయితే నీకు ఒక్కటీ రాలేదా?" అన్నాడు భార్యతో.

"ఏవి రాలేదు?"

"నాలుగు శనివారాలు. చూసి రాగానే నీతో చెప్పాను. నువ్వు ఒక్కసారీ కాదనలేదు."

ఆవిడ చేతిసంచీ కిందపెట్టింది. "మీరు చెప్పడం మానేశారనుకున్నాను."

"నువ్వు వినడం మానేశావనుకున్నాను."

తరవాత ఆవిడ సభ వైపు తిరిగింది. "ఆ గొడుగు నాదండీ. అది లేక నేను అక్కడ మూడు నెలలుగా తడుస్తున్నాను" అంది. వెనకవరసలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలి తుమ్మారు. సెక్రటరీ మీటింగు ముగిసిందని ప్రకటించాడు. కొత్త డబ్బాలు కొన్న మిగతా పదిమందీ అటునుంచి అటే వాటిని వెనక్కి పంపే పనిలో పడ్డారు. అక్కయ్య జ్వరం సంగతి తేల్చడానికి హోటలుకి బయల్దేరింది.

అద్దాలాయన ఫోను అడిగి తీసుకుని, అడుగున పడున్న గ్రూపుని వెతికి పట్టుకుని, ఆయన భార్య కారులో ఎక్కి కూర్చుంది. ఆయన కూడా పక్కన కూర్చున్నాడు. కారు కదల్లేదు. ఆవిడ నాలుగూ వరసగా వింది. నాలుగోది రెండుసార్లు వింది. ఆయన స్టీరింగు మీద లేని దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు. పరీక్ష ఫలితం కోసం చూస్తున్నట్టుంది ఆయనకి.

"మొదటిది తప్పు" అంది ఆవిడ చివరికి.

"ఏది?"

"సినిమా. చాలా బాగుంది సినిమా."

"నువ్వెప్పుడు చూశావు?"

"ఆ శనివారమే. అక్కడ ఒకే ఒక్క హాలుంది, ఒక్కదాన్నే వెళ్ళాను. నవ్వీనవ్వీ పొట్ట పట్టుకున్నాను." ఆగింది. "బయటికొచ్చి బస్సుకోసం నించున్నాక ఏడుపొచ్చింది. మీరుంటే ఇందులో నవ్వడానికేముంది అనేవారు, నేను దెబ్బలాడేదాన్ని. ఎవరూ అనలేదు."

అద్దాలాయన స్టీరింగు తుడవడం ఆపాడు. "నిజంగానే అందులో నవ్వడానికేముంది?" అన్నాడు.

"ఏం లేదూ? ఆ పెళ్ళిచూపుల సీను?"

"అదా! అది సాగదీత."

"మీకు ఇంటర్వెల్ తరవాత నిద్రొచ్చి ఉంటుంది. నిద్రపోయినవాళ్ళకి అంతా సాగదీతే."

"నేను రెప్ప వెయ్యలేదు!"

"రెప్ప వెయ్యకుండా చూస్తే పాప్‌కార్న్ ఎందుకు మిగిలింది?"

ఆ సాయంత్రం అయిపోయింది, ఆదివారం అయిపోవచ్చింది, వాదన మాత్రం సెకండాఫ్ దగ్గరే ఉంది. ఆదివారం సాయంత్రం ఆవిణ్ణి బస్సెక్కించడానికి బయల్దేరాడు. బదిలీకి ఇంకా ఏడాది ఉందని ఆఫీసులో చెప్పారట. ఆ మాట ఆవిడ బయల్దేరేముందు చెప్పింది. ఆయన దానిమీద అభిప్రాయమేమీ చెప్పలేదు. కారు నడుపుతూ, పెళ్ళిచూపుల సీనులో ఆ తండ్రి పాత్ర అసలు అనవసరమన్నాడు. ఆ తండ్రి లేకపోతే సినిమాయే లేదంది ఆవిడ. ఎలా లేదో చెప్పమన్నాడు. చెప్పడం మొదలుపెట్టింది.

కుడివైపు బస్టాండు వచ్చింది, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఏవండీ, బస్టాండు దాటేశారు."

"నువ్వు ముందు మాట పూర్తి చెయ్యి" అన్నాడు అద్దాలాయన, గేరు మార్చి డ్యాము రోడ్డెక్కుతూ.

సోమవారం కళ్ళ పరీక్షకి వచ్చినవాళ్ళెవరికీ దుకాణానికి తాళం వేసుందన్న సంగతి బాగా దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు.